చమురు బండి - దాని నమూనా

రైలు గేటు పడినప్పుడు రోడ్డు మీద ఆగినవారికి గూడ్సు బండి పూర్తిగా కనబడుతుంది. అందులోని వ్యాగన్లన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని నాలుగు వైపులా మూసి ఉంటాయి. కొన్ని పైకప్పు లేకుండా బొగ్గుతోనో, ఇనుప ఖనిజంతోనో నిండి ఉంటాయి. మరికొన్నింటికి తలుపులూ ఉండవు, గోడలూ ఉండవు. చట్రం మీద పడుకోబెట్టిన పెద్ద పీపాల వలె అవి కనిపిస్తాయి. వీటినే ట్యాంకు వ్యాగన్లు అంటారు. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, వంటగ్యాసు, ఆమ్లాలు, పాలు, ఒక్కొక్కప్పుడు మంచినీరు కూడా వీటిలో ప్రయాణం చేస్తాయి.

ఈ బండినే అరచేతిలో ఇమిడేటంత చిన్నదిగా తయారుచేసేవారు ఎన్నో దేశాలలో ఉన్నారు. పట్టాల మీద నడిచిన అసలు బండిని మూలమనీ, దానిని చూసి కొలతలు తగ్గించి చేసిన చిన్న బండిని నమూనా అనీ చెప్పవచ్చు. పైకి ఇది పిల్లల ఆటగా కనిపిస్తుంది. కాని మంచి నమూనా చేయడానికి చేతి నేర్పు ఒక్కటే చాలదు. ట్యాంకు పైన చిన్న గుమ్మటం ఎందుకున్నది? నడుము చుట్టూ ఎర్ర పట్టీ ఎందుకు వేశారు? ఒక బండికి నాలుగు చక్రాలుంటే మరొక బండికి ఆరు ఎందుకున్నాయి? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకపోతే ఏ భాగం ఎక్కడ పెట్టాలో తెలియదు. ట్యాంకు వ్యాగనులో అందం కోసం పెట్టిన భాగాలు దాదాపు లేవు. ఒక్కొక్క భాగం వెనుక ఒక నష్టమో, ఒక ప్రమాదమో, ఒక అవసరమో ఉన్నది.

పీపాల నుండి ట్యాంకుకు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో టైటస్‌విల్ అనే ఊరు ఉన్నది. అక్కడ 1859 ఆగస్టులో ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన తవ్వించిన బావిలో ముడిచమురు పడింది. అప్పటికి మోటారు కార్లు లేవు. ఈ చమురును శుద్ధి చేసి కిరసనాయిలు తీసి దీపాలు వెలిగించుకొనేవారు. కొద్ది కాలంలోనే చుట్టుపక్కల ఎన్నో బావులు వెలిశాయి. చమురు దొరికింది కాని, దానిని దూరప్రాంతాలకు చేర్చడం కష్టమైంది.

మొదట చమురును కొయ్య పీపాలలో పోసి గుర్రపు బండ్ల మీద, పడవల మీద రైలు దాకా తెచ్చేవారు. పీపాల చెక్కల సందుల నుండి చమురు కారిపోయేది. ఒక్కొక్క పీపానూ ఎత్తాలి, దించాలి, ఖాళీ అయిన తరువాత తిరిగి తేవాలి. కొన్ని రోజులలో పీపాలోని చమురు కంటే ఖాళీ పీపా ధరే ఎక్కువగా ఉండేది. ఇప్పటికీ ప్రపంచ బజారులో ముడిచమురును పీపాల లెక్కనే చెబుతారు. ఒక పీపా అంటే 42 అమెరికా గ్యాలన్లు, అంటే సుమారు 159 లీటర్లు.

జేమ్స్ డెన్స్‌మోర్, ఆమోస్ డెన్స్‌మోర్ అనే అన్నదమ్ములు ఈ కష్టానికి ఒక ఉపాయం ఆలోచించారు. 1865లో వారు చదునైన రైలు బండి ఒకటి తీసుకొని, దాని మీద రెండు పెద్ద కొయ్య తొట్లను నిలబెట్టి బిగించారు. రెండూ కలిసి సుమారు 80 పీపాల చమురు పట్టేవి. 1866 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటుకు పేటెంటు లభించింది. రైలు మీద చమురు రవాణాకు పనికివచ్చిన తొలి ట్యాంకు వ్యాగన్లలో ఇది ప్రసిద్ధమైనది. ఈ అన్నదమ్ములలో జేమ్స్ డెన్స్‌మోర్ తరువాతి కాలంలో క్రిస్టఫర్ షోల్స్ తయారుచేస్తున్న టైపురైటరుకు పెట్టుబడి పెట్టి ప్రోత్సహించాడు.

నిలువు తొట్లు ఎక్కువ కాలం నిలువలేదు. బరువంతా ఎత్తున ఉండడం వల్ల బండి ఊగినప్పుడు ఒరిగే ప్రమాదం ఉండేది. కొయ్య చెక్కలు ఎండకు ఎండి, వానకు తడిసి కారేవి. బండ్లు ఢీకొంటే తొట్టి విచ్చిపోయేది. 1860ల చివరికే ఇనుప రేకులను రివెట్లతో బిగించి చేసిన ట్యాంకులు వచ్చాయి. వాటిని నిలువుగా కాక అడ్డంగా పడుకోబెట్టారు. అందువల్ల బరువు చట్రానికి దగ్గరగా, నిడివి అంతటా సమంగా పడింది.

ట్యాంకు గుండ్రంగా ఉండడానికి కూడా కారణం ఉన్నది. పలకల తొట్టి మూలల దగ్గర ఒత్తిడి ఎక్కువై అతుకులు విడిపోతాయి. గుండ్రని తొట్టిలో ఒత్తిడి అన్ని వైపులా సమంగా పంచుకొంటుంది. మూలలు లేనందున కడగడం సులభం. తక్కువ రేకుతో ఎక్కువ ద్రవం పడుతుంది. అయినా ఇంగ్లండులో తారు మోయడానికి పలకల ట్యాంకులు చాలా కాలం వాడారు. కనుక పలకల ట్యాంకు నమూనాను చూసి తప్పు చేశారని వెంటనే అనుకోరాదు. అది ఏ సరకు కోసం, ఏ కాలంలో నడిచిన బండో ముందుగా తెలుసుకోవాలి.

గుమ్మటం చేసే పని

పాత ట్యాంకు వ్యాగన్ల నడినెత్తిన బోర్లించిన గిన్నె వంటి గుమ్మటం ఉండేది. ద్రవాలను వేడి చేస్తే వ్యాకోచిస్తాయని విజ్ఞానశాస్త్ర పాఠాలలో చదువుతారు. గుమ్మటం ఈ సూత్రం వల్ల పుట్టినదే.

పది డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే పెట్రోలు ఘనపరిమాణం సుమారు నూటికి ఒక వంతు పెరుగుతుంది. 18,000 లీటర్లు పట్టే ట్యాంకును తెల్లవారుజామున చల్లని వేళ అంచుల దాకా నింపారనుకోండి. మధ్యాహ్నానికి చమురు పది డిగ్రీలు వేడెక్కితే 180 లీటర్లు అదనంగా చోటు కావాలి. ఇది ఒక పీపా చమురు కంటే ఎక్కువ. చోటు లేకపోతే ఆ ద్రవం మూతను తోసుకొని బయటికి వస్తుంది, లేదా ట్యాంకును పగలగొడుతుంది. గుమ్మటంలోని ఖాళీ ఈ అదనపు చమురుకు చోటిస్తుంది.

గుమ్మటం మరొక మేలు కూడా చేసింది. సగం నింపిన బిందెను నెత్తిన పెట్టుకొని నడిస్తే నీళ్లు అటూ ఇటూ కొట్టుకొంటాయి. నిండు బిందె అలా తొణకదు. ట్యాంకులోనూ అంతే. పైన ఖాళీ ఎక్కువగా ఉంటే బ్రేకు వేసినప్పుడు చమురంతా ఒక్కసారి ముందుకు దూకి బండిని నెడుతుంది. ఖాళీ చోటు గుమ్మటంలో మాత్రమే ఉంటే కింది ట్యాంకు నిండుగా ఉంటుంది. మనిషి లోపలికి దిగే మూత కూడా గుమ్మటం మీదనే పెట్టారు. ఆ మూత దాకా చేరడానికి పక్కన నిచ్చెన, నిలబడడానికి పలక అమర్చారు.

తరువాతి కాలంలో రివెట్లు పోయి వెల్డింగు వచ్చింది. ట్యాంకులు పెద్దవైనాయి. గుమ్మటం బదులు ట్యాంకు లోపలనే పైభాగంలో కొంత ఖాళీ విడిచి నింపే పద్ధతి వచ్చింది. అందుచేత ఇటీవలి వ్యాగన్లకు గుమ్మటం కనబడదు. రివెట్ల వరుస, పెద్ద గుమ్మటం ఉన్న నమూనా ఒక కాలానికి చెందినది. నున్నని ఒంటితో గుమ్మటం లేని నమూనా మరొక కాలానికి చెందినది. ఈ రెండింటినీ కలిపి ఒకే బండిలో పెడితే అటువంటి బండి ఏ దేశంలోనూ నడిచి ఉండకపోవచ్చు.

రంగులే హెచ్చరికలు

ఇంగ్లండులో చమురు కంపెనీలు తమ సొంత వ్యాగన్లను రైల్వేల పట్టాల మీద నడిపేవి. అన్ని కంపెనీల బండ్లూ సురక్షితంగా ఉండాలని రైల్వే క్లియరింగ్ హౌస్ అనే సంస్థ కొలతలనూ నియమాలనూ నిర్ణయించింది. అది చమురులను రెండు తరగతులుగా విడదీసింది. 73 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్ లోపలి వేడి దగ్గరే ఆవిరి నిప్పంటుకొనే ద్రవాలు 'ఎ' తరగతికి చెందుతాయి. పెట్రోలు ఈ తరగతిలోనిది. అంతకంటే ఎక్కువ వేడి దగ్గర మాత్రమే నిప్పంటుకొనేవి 'బి' తరగతికి చెందుతాయి. కిరసనాయిలు, మందమైన నూనెలు ఇందులోనివి.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో 'ఎ' తరగతి ట్యాంకులకు లేత రాతి రంగు వేసి, నడుము చుట్టూ వెడల్పైన ఎర్ర పట్టీ దిద్దేవారు. లేత రంగు ఎండ వేడిని తక్కువగా పీల్చుకొంటుంది. ఎర్ర పట్టీ దూరం నుండే ప్రమాదాన్ని తెలుపుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి కాలంలో ఈ బండ్లు వెండి రంగులో, ఎర్రని చట్రం దూలాలతో కనిపించాయి. 'బి' తరగతి బండ్లు ఎక్కువగా నల్లని రంగులో ఉండేవి.

తేడా రంగులోనే కాదు. 'బి' తరగతి ట్యాంకులకు అడుగున కుళాయి ఉండేది. 'ఎ' తరగతి ట్యాంకులకు చాలా కాలం అడుగు కుళాయి ఉండేది కాదు. కుళాయి విరిగినా, కారినా పెట్రోలు పట్టాల మీదికి పారుతుంది. అందుకని పై నుండే గొట్టం వేసి తోడేవారు. ఆనాటి ఇంజన్లు బొగ్గుతో నడిచేవి. వాటి పొగగొట్టం నుండి నిప్పురవ్వలు ఎగిరేవి. అందువల్ల ఇంజనుకూ పెట్రోలు వ్యాగన్లకూ నడుమ వేరే వ్యాగన్లను అడ్డుగా తగిలించేవారు. నమూనా రైలును నడిపేవారు కూడా ఈ అడ్డు వ్యాగన్లను పెడితేనే ఆ రైలు నిజమైన రైలును పోలి ఉంటుంది.

పాలకు ఆరు చక్రాలు

ఇంగ్లండులో పల్లెల నుండి లండను నగరానికి పాలను మొదట క్యాన్లలో పంపేవారు. వేల కొద్దీ క్యాన్లను ఎక్కించి దించడం పెద్ద పని. 1927లో లోపల గాజు పూత పూసిన పాల ట్యాంకులు రైలు మీదికి వచ్చాయి. గాజు పూత వల్ల పాలకు ఇనుప వాసన పట్టదు, కడిగితే శుభ్రమవుతుంది.

మొదటి పాల ట్యాంకులకు నాలుగే చక్రాలుండేవి. పాలు త్వరగా నగరం చేరాలి కనుక ఈ బండ్లు ప్రయాణికుల రైళ్ల వేగంతో పోవాలి. ఆ వేగానికి నాలుగు చక్రాల బండి బాగా కుదిపేది. కవ్వం పెట్టి చిలికినట్లు పాలు కుదిలితే వెన్న కట్టడం మొదలవుతుంది. అందువల్ల 1930ల తొలి సంవత్సరాలలో ఆరు చక్రాల చట్రాలు వచ్చాయి. వాటి మీద బండి నిలకడగా నడిచింది. ఒక్కొక్క ట్యాంకులో సుమారు 3,000 గ్యాలన్ల పాలు, అంటే పదమూడు వేల లీటర్లకు పైగా పట్టేవి. ఆరు చక్రాల పాల బండి నమూనాను తయారుచేసేవారు మధ్య చక్రాల జతను కొంచెం పక్కకు జరిగేలా అమరుస్తారు. లేకపోతే వంపు తిరిగిన చోట నమూనా పట్టా తప్పుతుంది.

ట్యాంకు పరిమాణం కూడా సరకును బట్టి మారుతుంది. ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. ఒక లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు అటూ ఇటూగా ఉంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం లీటరుకు 1.84 కిలోలు ఉంటుంది. చట్రం మోయగల బరువుకు ఒక హద్దు ఉన్నది. కాబట్టి ఒకే చట్రం మీద పెట్రోలు ట్యాంకు లావుగాను, ఆమ్లం ట్యాంకు సన్నగాను ఉంటాయి. సన్నని ట్యాంకు మీద పెట్రోలు కంపెనీ పేరు రాస్తే తెలిసినవారు వెంటనే పట్టేస్తారు.

బొమ్మ నుండి నమూనాకు

రైలు బొమ్మలు రైళ్లతోపాటే పుట్టాయి. మొదట ఒక్కొక్కరు ఒక్కొక్క కొలతతో చేసేవారు. ఒకరి బండి మరొకరి పట్టా మీద నడిచేది కాదు. 1891లో జర్మనీలోని మెర్క్‌లిన్ కంపెనీ పట్టాల వెడల్పులను నిర్ణయించి, వాటికి తగిన బండ్లను వరుసగా తయారుచేసింది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మెకానో బొమ్మలు కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైలు బొమ్మలు ప్రారంభించాడు. తగరపు పూత రేకుతో చేసిన హార్న్‌బీ ట్యాంకు వ్యాగన్ల మీద నేషనల్ బెంజోల్, ప్రాట్స్, రాయల్ డేలైట్ వంటి ఆనాటి చమురు పేర్లు ఉండేవి. రాయల్ డేలైట్ అనేది దీపాలకు వాడే నూనె పేరు. ఈ బొమ్మల రంగులను చాలావరకు పిల్లల కంటికి ఇంపుగా ఉండాలని ఎంచుకొన్నారు. ఆ విధంగా అవి ఆటవస్తువులు. కాలక్రమంలో పెద్దవారు కూడా వీటిపై ఆసక్తి పెంచుకొని, మూలానికి సరిపోయే కొలతలు కావాలన్నారు. అక్కడి నుండి బొమ్మ నమూనాగా మారింది.

నమూనా కొలతలను నిష్పత్తిలో చెబుతారు. అమెరికాలోను, ఐరోపా దేశాలలోను 1:87 నిష్పత్తి ఎక్కువ వాడుకలో ఉన్నది. అంటే అసలు బండిలో 87 సెంటీమీటర్లున్నది నమూనాలో ఒక సెంటీమీటరు. దీని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అసలు పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 16.5 వస్తుంది. లెక్క సరిపోయింది.

ఇంగ్లండులో మాత్రం ఒక చిక్కు వచ్చింది. అక్కడి ఇంజన్లు మిగిలిన ఐరోపా ఇంజన్ల కంటే చిన్నవి. వాటిని 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి విద్యుత్ మోటారు లోపల ఇమడలేదు. అందుకని బండిని 76వ వంతుగా కొంచెం పెద్దది చేసి, పట్టాలను మాత్రం 16.5 మిల్లీమీటర్లుగానే ఉంచారు. 76వ వంతు లెక్కన చూస్తే పట్టాలు సుమారు 18.8 మిల్లీమీటర్లు ఉండాలి. అందువల్ల ఇంగ్లండు నమూనాలు తమ ఒంటికి తగినదానికంటే ఇరుకైన పట్టాల మీద నడుస్తున్నాయి. సరైన కొలతే కావాలనుకొనేవారు చక్రాలనూ పట్టాలనూ తామే మార్చుకొంటారు.

పొడవు తగ్గినట్లు ఘనపరిమాణం తగ్గదు. 76వ వంతు నమూనాలో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 76వ వంతు అవుతాయి. ఘనపరిమాణం 76ను మూడుసార్లు గుణించినంత, అంటే 4,38,976 రెట్లు తగ్గుతుంది. 18,000 లీటర్లు పట్టే ట్యాంకుకు నమూనా చేస్తే అందులో పట్టేది 41 మిల్లీలీటర్లు. అంటే ఎనిమిది టీ చెంచాల నీళ్లు. నమూనా ఇంత తేలికైనది కనుక చిన్న అతుకు తగిలినా పట్టా తప్పుతుంది. అందుకే ట్యాంకు లోపల సీసపు ముక్కో, ఇనుప ముక్కో కనబడకుండా అతికిస్తారు. కొలతలను తగ్గించవచ్చును కాని ప్రకృతి సూత్రాలను తగ్గించలేరు.

ఏ సంవత్సరపు బండి?

నమూనా చేసేవారు ముందుగా తేల్చుకోవలసినది సంవత్సరం. ఇంగ్లండులో ఒకే పెట్రోలు వ్యాగన్ 1930లో రాతి రంగుతో, ఎర్ర పట్టీతో, కంపెనీ పేరుతో ఉండవచ్చు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడి చమురు కంపెనీలన్నీ పెట్రోలియం బోర్డు కింద కలిసి పనిచేశాయి. 1948 దాకా ఈ ఏర్పాటు సాగింది. ఆ కాలంలో వేర్వేరు పేర్లతో కాక అందరికీ ఒకటే పెట్రోలు అమ్మారు. కనుక యుద్ధకాలపు స్టేషను నమూనాలో రంగురంగుల కంపెనీ పేర్లతో మెరిసే చమురు బండ్లను నిలిపితే చరిత్రకు సరిపోదు. 1950లలోనైతే వెండి రంగు ట్యాంకు ఉండాలి. 1960ల చివర వంద టన్నుల పెద్ద వ్యాగన్లు వచ్చేసరికి నాలుగు చక్రాల పాత బండ్లు తగ్గిపోసాగాయి.

పాత బండ్లు చాలావరకు విరగ్గొట్టి ఇనుముగా అమ్మేశారు. వాటి రూపం తెలియాలంటే మిగిలిన ఆధారాలు ఫోటోలు, కర్మాగారపు పటాలు, మ్యూజియాలలోని కొద్దిపాటి బండ్లు. యార్క్ నగరంలో 1975లో ప్రారంభమైన జాతీయ రైల్వే మ్యూజియం ఇటువంటి ఆధారాలను భద్రపరుస్తున్నది. మన దేశంలో ఢిల్లీలో 1977లోను, మైసూరులో 1979లోను రైలు మ్యూజియాలు వెలిశాయి.

బజారులో అమ్మే నమూనాలన్నీ నిజం కావు. ఒకే అచ్చులో పోసిన ట్యాంకు మీద రకరకాల కంపెనీల పేర్లు ముద్రించి అమ్మడం లాభసాటి పని. వాటిలో కొన్ని పేర్లు, కొన్ని రంగులు అసలు బండి మీద ఎన్నడూ లేనివి. అసలు బండి కళ్ల ముందు నడుస్తున్నంత కాలం ఈ తేడా అందరికీ తెలుస్తుంది. అసలు బండి పోయి నమూనా ఒక్కటే మిగిలిన తరువాత, చూసినవారు నమూనానే నమ్ముతారు. అప్పుడు తప్పు నమూనా తప్పు చరిత్రను చెబుతుంది. శ్రద్ధ గలవారు ఒక ఫోటో కోసం నెలల తరబడి వెతకడానికి కారణం ఇదే.

మన పట్టాల మీద

భారతదేశంలో అస్సాంలోని దిగ్బోయి దగ్గర 1889లో చమురు పడింది. 1901లో అక్కడ శుద్ధి కర్మాగారం మొదలైంది. విశాఖపట్నంలో కాల్టెక్స్ కంపెనీ కట్టిన శుద్ధి కర్మాగారం 1957లో పని ప్రారంభించింది. ఇప్పుడది హిందుస్థాన్ పెట్రోలియం సంస్థది. నేడు మన దేశంలో పెట్రోలు, డీజిలు మోసే వ్యాగన్లలో బి.టి.పి.ఎన్. అనే రకం ముఖ్యమైనది. దీనికి ఎనిమిది చక్రాలుంటాయి. ట్యాంకులో సుమారు 70,000 లీటర్లు పడుతుంది. మోయగల బరువు సుమారు 54 టన్నులు.

ఈ రెండు అంకెలు తెలిస్తే ఒక విచిత్రం అర్థమవుతుంది. 2016 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని లాతూరులో తాగునీటికి కరువు వచ్చింది. మిరజ్ నుండి రైలులో నీరు పంపారు. అందుకోసం ట్యాంకు వ్యాగన్లను రాజస్థాన్‌లోని కోటా వర్క్‌షాపులో శుభ్రపరిచారు. మొదటి రైలులో పది వ్యాగన్లు ఐదు లక్షల లీటర్లు తెచ్చాయి. 2019 జూలైలో మద్రాసు నగరంలో, అంటే నేటి చెన్నైలో, నీటి కరువు వచ్చినప్పుడు జోలార్‌పేట నుండి 50 వ్యాగన్ల రైలు సుమారు 25 లక్షల లీటర్లు తెచ్చింది. రెండు చోట్లా ఒక్కొక్క వ్యాగన్‌కు వచ్చినది 50,000 లీటర్లే. డెబ్బై వేలు పట్టే ట్యాంకులో యాభై వేలే ఎందుకు పోశారు? పెట్రోలుతో నింపితే 70,000 లీటర్ల బరువు సుమారు 52 టన్నులు. అదే నీటితో నింపితే 70 టన్నులు. ఆ బరువు చట్రం మోయలేదు. ఇంగ్లండులో ఆమ్లం ట్యాంకును సన్నగా చేసిన సూత్రమే ఇక్కడ ట్యాంకును నిండా నింపనీయలేదు.

2020 మార్చిలో కరోనా వ్యాధి వల్ల ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. అంతకుముందు రేణిగుంట నుండి ఢిల్లీకి పాల ట్యాంకులను ప్రయాణికుల రైళ్లకే తగిలించి పంపేవారు. పాలు ఆగకుండా ఉండేందుకు పాల ట్యాంకులతోనే ప్రత్యేక రైలు నడిపారు. ఒక్కొక్క ట్యాంకులో సుమారు 40,000 లీటర్ల పాలు వెళ్లాయి.

2021 ఏప్రిల్‌లో ఆసుపత్రులకు ప్రాణవాయువు కొరత వచ్చింది. ద్రవ ఆక్సిజను సున్నాకు 183 డిగ్రీలు దిగువన ఉంటుంది. మామూలు చమురు వ్యాగనులో దానిని పోయడానికి వీలులేదు. ముంబయి సమీపంలోని కలంబోలి నుండి ఏడు ఖాళీ ట్యాంకరు లారీలను చదునైన రైలు బండ్ల మీద ఎక్కించి విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి పంపారు. అక్కడ నింపి తిరిగి మహారాష్ట్రకు చేర్చారు. దారిలోని వంతెనల కింద, విద్యుత్ తీగల కింద ఇవి తగలకుండా పోవాలి. అందుకని 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న లారీలను ఎంచి, 1,290 మిల్లీమీటర్ల ఎత్తున్న బండ్ల మీద పెట్టారు. చదునైన బండి మీద ట్యాంకును పెట్టి పంపే ఉపాయం 1865లో డెన్స్‌మోర్ సోదరులు చేసినదే. కొలత సరిచూసుకొనే జాగ్రత్త నమూనా చేసేవారు రోజూ పాటించేదే.

భారతదేశపు వ్యాగన్లకు నమూనాలు చేసేవారు కూడా ఉన్నారు. మన బ్రాడ్‌గేజి పట్టాల వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే సుమారు 19.3 మిల్లీమీటర్లు. కాని దుకాణాలలో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి. ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్న చిక్కు ఇక్కడ కూడా ఉన్నది. లాతూరుకు నీళ్లు తెచ్చిన వ్యాగనుకు, రేణిగుంట పాల ట్యాంకుకు నమూనాలు చేసేవారు ఆ సంవత్సరాన్ని, ఆ రంగును, ఆ అక్షరాలను ఫోటో చూసి రాసిపెట్టుకొంటే, ఈ బండ్లు పట్టాల మీద నుండి తప్పుకొన్న తరువాత కూడా వాటి పని ఏమిటో రాబోయేవారికి తెలుస్తుంది.

అర్థాలు

నమూనా = మూలాన్ని చూసి చేసిన చిన్న రూపం
నిష్పత్తి = రెండు కొలతల మధ్య ఉన్న సంబంధం
వ్యాకోచించు = వేడి వల్ల పరిమాణం పెరుగు
చట్రం = బండి బరువును మోసే అడుగు భాగం
గుమ్మటం = గుండ్రంగా పైకి ఉబ్బిన కప్పు

అభ్యాసం

అ) ప్రశ్నలు

1. డెన్స్‌మోర్ సోదరుల కొయ్య తొట్లు ఎక్కువ కాలం ఎందుకు నిలువలేదు?
2. గుమ్మటం వల్ల కలిగిన రెండు ప్రయోజనాలు రాయండి.
3. పెట్రోలు ట్యాంకుకు అడుగు కుళాయి ఎందుకు పెట్టలేదు?
4. తప్పు నమూనా వల్ల నష్టమేమిటి? మీ సొంత మాటలలో రాయండి.

ఆ) లెక్కలు

1. ఒక వ్యాగన్ పొడవు 12 మీటర్లు. 1:87 నిష్పత్తిలో దాని నమూనా పొడవు ఎంత?
2. 20,000 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఎన్ని లీటర్ల అదనపు చోటు కావాలి?

ఇ) చేయవలసిన పని

మీకు దగ్గరలోని స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నుండే ఒక ట్యాంకు వ్యాగన్‌ను గమనించండి. పట్టాల మీదికి దిగకూడదు. చక్రాలెన్ని, నిచ్చెన ఎక్కడ ఉన్నది, ఏ రంగు వేశారు, ఏ అక్షరాలు రాశారు అన్నవి తేదీతో సహా నోటు పుస్తకంలో రాయండి. తరువాత అట్టముక్కలతో దాని నమూనా చేయండి. ఒక్కొక్క భాగం ఎందుకున్నదో తోటివారికి చెప్పండి.